మెరక తోలకముందే చూడాల్సిన నివేదిక: ఒక లేఅవుట్ వాననీటి, చెట్ల సర్వేపై సమీక్ష

భీమవరం చుట్టుపక్కల వరిచేలను మెరక చేసి వెంచర్లు వేసేవాళ్ల కోసం, వాననీరు ఎటు పోతుందో, ఏ చెట్లు కొట్టాల్సి వస్తుందో సర్వే చేసి నివేదిక ఇచ్చే కన్సల్టెన్సీలు ఉన్నాయి. అలాంటి ఒక సంస్థ పదెకరాల లేఅవుట్‌కు ఇచ్చిన నివేదిక ఇది. కొలతల్లో శ్రద్ధ ఉంది. నేల ఎత్తుపల్లాల (లెవెల్స్) పట్టిక చక్కగా ఉంది, చెట్లను ఒక్కొక్కటిగా లెక్కించారు. నీటి లెక్క మాత్రం వరిచేను స్వభావం తెలియకుండా వేశారు. డెల్టాలో నివేదికకు ప్రాణం ఆ లెక్కే.

కేంద్రం 2006లో ఇచ్చిన పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్‌లో టౌన్‌షిప్‌లకు 50 హెక్టార్లు, భవనాలకు 20,000 చదరపు మీటర్ల నిర్మాణం దాకా వస్తేనే ముందస్తు పర్యావరణ అనుమతి కావాలన్న గీతలున్నాయి. ప్లాట్లు వేసి అమ్మే పదెకరాల వెంచరు నాలుగు హెక్టార్లే కాబట్టి ఆ గీత కిందే ఉండిపోతుంది. అందుకే పక్క చేల రైతుకు ఇలాంటి చిన్న నివేదికే దిక్కు.

వాననీటి ప్రవాహం లెక్కకు నివేదికలో వాడింది రేషనల్ పద్ధతి. ప్రవాహ గుణకాన్ని (పడ్డ వానలో బయటికి పారే వంతు), గంటకు మిల్లీమీటర్లలో వాన తీవ్రతను, హెక్టార్లలో విస్తీర్ణాన్ని గుణించి 360తో భాగిస్తే సెకనుకు ఎన్ని ఘనపు మీటర్లో వస్తుంది. గంటకు 60 మి.మీ. వానకు, చేనుగా ఉన్నప్పుడు 0.3 గుణకంతో 0.20, ఇళ్లు లేచాక 0.65తో 0.44 వచ్చింది. రెట్టింపు దాటిందని రాశారు. గుణకారం సరైనదే, తప్పంతా 0.3 దగ్గర ఉంది. వాలున్న మెట్ట పొలానికి అది సరిపోతుంది. గట్టు కట్టిన వరిచేను వానను బయటికి పంపదు, పట్టుకుంటుంది. నిలిచిన నీటికీ గట్టు అంచుకూ మధ్య పది సెంటీమీటర్ల ఖాళీ ఉంటే పదెకరాల్లో 4,047 ఘనపు మీటర్లు, అంటే నలభై లక్షల లీటర్లు పడతాయి. 100 మి.మీ. వాన మొత్తం అక్కడే ఆగుతుందన్నమాట. మెరక తోలిన రోజునే ఆ చోటు పోతుంది, ఒక్క ఇల్లు లేవకపోయినా సరే. ఈ సంగతి నివేదికలో ఒక్క వాక్యంగా కూడా లేదు.

పెరిగే ప్రవాహానికి విరుగుడుగా నివేదిక సూచించింది ఇంకుడు గుంతలు. నల్లరేగడిలో నీరు ఇంకడం చాలా నెమ్మది. పైగా వానాకాలంలో ఇక్కడ కొద్దిగా తవ్వగానే ఊట తగులుతుంది. నిండిన గుంతలో నీరు ఇంకేదెక్కడ? కావాల్సింది చెరువు. పోయిన నిల్వను తిరిగి ఇవ్వాలంటే ఎకరం నిండా మీటరు లోతు కావాలి. ఆ మీటరు ఊట మట్టానికి పైనే ఉండాలి, కిందిది లెక్కలోకి రాదు. ఎకరం వదలలేకపోతే పార్కును రోడ్ల కంటే పల్లంగా ఉంచి కొంత నీరు అక్కడ నిలవనివ్వాలి.

నీరు బయటికి వెళ్లే దారికి 600 మి.మీ. హ్యూమ్ (కాంక్రీటు) పైపు చూపించారు. వెయ్యికి ఒకటి వాలులో నిండుగా పారినా అది 0.19 మాత్రమే మోస్తుంది. వాళ్ల లెక్క ప్రకారమే వచ్చే 0.44కి అది సగం కూడా కాదు. 900 మి.మీ. అయితే సరిపోతుంది గానీ, బయట మురుగు బోదె (చిన్న కాలువ) పైపు పైఅంచు దాకా నిండి ఉంటే ఏ సైజుకైనా వాలు మిగలదు. తుపాను వానకు యనమదుర్రు డ్రెయిన్ నిండి, అటు సముద్రం పోటు మీద ఉంటే బోదెలు కదలవు. అప్పుడు నీరు వెనక్కి లేఅవుట్‌లోకే ఎక్కుతుంది. పైపు మూతికి వెనక్కి రానివ్వని తలుపు, లోపల పంపు పెట్టే గుంత అడిగి రాయించుకోవాలి.

సర్వే మే నెలలో చేశారు. కాలువలు కట్టేసి, బోదెలు ఎండి, ఊట అట్టడుగున ఉండే నెల అది. పంట బోదెనూ మురుగు బోదెనూ మ్యాపులో ఒకే రంగు గీతతో చూపడానికి కారణం అదే కావచ్చు. ఒకటి నీరు తెచ్చేది, ఇంకొకటి తీసుకెళ్లేది. వాననీటిని పంట బోదెలోకి వదిలితే కింది రైతు కోతకొచ్చిన చేను మునుగుతుంది. కాలువ నీళ్లు చూసే లస్కరును గానీ నీటి సంఘం వాళ్లను గానీ వెంటబెట్టుకుని ఒక్క పూట తిరిగితే ఈ తప్పు దొర్లేది కాదు.

చెట్ల భాగం మెరుగు. ప్రతి చెట్టుకూ నంబరు, రొమ్ము ఎత్తులో చుట్టుకొలత, ఫొటో ఉన్నాయి. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద కొట్టడానికి అనుమతి తీసుకోవాల్సిన వాటిని విడిగా చూపారు. కానీ బోదె గట్టు మీద ఉన్న తాళ్లు, తుమ్మలు ఎవరివో తేల్చలేదు. వాటిని కొడితే వేర్లు పట్టుకున్న గట్టు జారి బోదె పూడుతుందని కూడా చెప్పలేదు. ఇంతకంటే పెద్ద లోపం ‘ఉంచే చెట్లు’ అన్న జాబితా. ఆ వేప, రావి చుట్టూ మీటరు మెరక తోలాలని ఇదే నివేదికలో ఇంకో పేజీ చెబుతోంది. వేర్ల మీద జానెడు మట్టి పడ్డా గాలి అందదు. చెట్టు వెంటనే పడిపోదు, రెండు మూడేళ్లలో పైనుంచి ఎండుతూ వస్తుంది. ఉంచదలిస్తే కొమ్మల నీడ పడేంత మేర పాత మట్టం అలాగే వదిలి చుట్టూ రాతి గోడ కట్టాలి, లోపలి నీటికి దారి ఉంచాలి.

కొత్తగా నాటేవాటిలో కోనోకార్పస్ రాశారు. దాని వేర్లు పైపుల్లోకి చొరబడతాయి, ఆ పేరును జాబితాలోంచి తీసేయించండి. కానుగ, నేరేడు, తెల్లమద్ది తడికి తట్టుకుంటాయి.

ఫీజులో, బోదెలు నిండి ఉండే అక్టోబరు సందర్శన లేదు. ఈ సంస్థను పెట్టుకునేవాళ్లు ఒప్పందంలో దాన్ని చేర్పించి, నిండిన బోదె మట్టం కొలిచాకే చివరి వాయిదా చెల్లించాలి.