రియల్ ఎస్టేట్ బోర్డు సభ్యుల నియామకం: టెక్సాస్‌లో అలా, మన రెరాలో ఇలా

డల్లాస్ చుట్టుపక్కల ఇళ్లు కొనుక్కున్న మనవాళ్లు చాలామందే. అక్కడ ఏజెంట్లకు లైసెన్సు ఇచ్చేది టెక్సాస్ రియల్ ఎస్టేట్ కమిషన్. ఏపీలో, తెలంగాణలో ఏజెంట్లు రిజిస్టర్ చేసుకోవాల్సింది రెరాలో, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో.

టెక్సాస్ కమిషన్‌లో 9 మంది సభ్యులు. గవర్నర్ నియమిస్తారు, రాష్ట్ర సెనేట్ ఆమోదించాలి. వీళ్లలో ఆరుగురు బ్రోకర్లే, అదీ కనీసం 5 ఏళ్లుగా అదే వృత్తిలో ఉన్నవాళ్లు. మిగతా ముగ్గురు ప్రజల తరఫున. పదవీకాలం 6 ఏళ్లు. రెండేళ్లకోసారి ముగ్గురి గడువు ముగుస్తుంది కాబట్టి కుర్చీలన్నీ ఒకేసారి ఖాళీ కావు. ఇది నాకు బాగా నచ్చింది. కానీ బ్రోకర్ల మీద నిఘా పెట్టే చోట బ్రోకర్లదే మెజారిటీ కావడం మాత్రం మింగుడుపడదు.

2016 నాటి రెరా చట్టం దారి వేరు. ఛైర్‌పర్సన్, కనీసం ఇద్దరు సభ్యులు ఉండాలి. హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి లేదా వారి ప్రతినిధి, గృహనిర్మాణ శాఖ కార్యదర్శి, న్యాయశాఖ కార్యదర్శి ఉన్న కమిటీ పేర్లు సిఫారసు చేస్తే ప్రభుత్వం నియమిస్తుంది. ఛైర్‌పర్సన్‌కు 20 ఏళ్లు, సభ్యులకు 15 ఏళ్ల అనుభవం కావాలి. పదవీకాలం గరిష్ఠంగా 5 ఏళ్లు, లేదా 65 ఏళ్ల వయసు వచ్చేదాకా, ఏది ముందైతే అది. మళ్లీ నియమించరు. పదవికి అడ్డొచ్చే ఆర్థిక ప్రయోజనాలేవీ లేవని ముందే తేల్చుకోవాలి.

నా ఓటు రెరాకే. అయితే ఎంపిక కమిటీ ముగ్గురిలో ఇద్దరు ప్రభుత్వ కార్యదర్శులే. ఫ్లాట్ కోసం అప్పుచేసి ఈఎంఐలు కడుతున్న కొనుగోలుదారుడికి అక్కడ కుర్చీ లేదు. టెక్సాస్‌లో ప్రజలకిచ్చిన ఆ మూడు సీట్లలాంటివి ఇక్కడా పెట్టాలి.