పదిహేనేళ్ళ బెంజి: ఈ-250 డీజిల్‌తో నా అనుభవం

మా నాన్న నడిపిన లారీ ముందు భాగంలో మూడు కాళ్ళ చుక్క ఉండేది. 1954లో టెల్కో (ఇప్పటి టాటా మోటార్స్) వాళ్ళు జర్మనీలోని డైమ్లర్-బెంజ్ కంపెనీతో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీల తయారీ మొదలుపెట్టారు. ఆ ఒప్పందం 1969 దాకా నడిచింది. మా ఇంట్లో ఎవరూ దాన్ని టాటా లారీ అనేవాళ్ళు కాదు, బెంజి లారీయే. అందుకే చిన్నప్పుడు బెంజి అంటే డబ్బున్నవాళ్ళ కారని నాకు తెలియదు. ధాన్యం బస్తాలు మోసే బండి పేరనుకునేవాణ్ణి. దారిలో ఎక్కడ ఆగిపోయినా కింద గోనెపట్టా పరుచుకుని నాన్న దాని కిందకి దూరేవాడు. గంటో రెండు గంటలో అయ్యాక బండి కదిలేది.

2010లో నా చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్నప్పుడు కొత్త కారు కొనమని ఇంట్లో అందరూ చెప్పారు. నేను హైదరాబాద్ వెళ్ళి 1996లో రిజిస్టర్ అయిన మెర్సిడెస్ ఈ-250 డీజిల్ ఒకటి తెచ్చుకున్నాను. అప్పటికి 1,42,000 కిలోమీటర్లు తిరిగింది. మూడు లక్షల పాతిక వేలకి బేరం కుదిరింది. ఈ రోజు మీటరు 3,31,000 దాటింది. నాకు ఉయ్యూరులో ఎరువుల కొట్టు ఉంది, ఇల్లేమో విజయవాడ సూర్యారావుపేటలో. వారంలో రెండు మూడు రోజులు బందరు రోడ్డు మీద బెంజ్ సర్కిల్ దాటుకుంటూ ఈ బండిలోనే వెళ్తాను. హైదరాబాద్, తిరుపతి ప్రయాణాలకీ ఇదే.

ఈ మోడల్‌ని తెలిసినవాళ్ళు డబ్ల్యూ 124 అంటారు. 1984 చివర్లో జర్మనీలో వచ్చింది. అప్పట్లో కంపెనీ డిజైన్ విభాగానికి పెద్ద బ్రూనో సాకో. మొత్తం 25 లక్షలకు పైగా తయారయ్యాయి. జర్మనీలో టాక్సీలుగా తెగ తిరిగాయి. 1993లో పేర్లు మార్చినప్పుడు దీనికి ఈ-క్లాస్ అనే పేరు వచ్చింది. మన దేశంలో మెర్సిడెస్ కంపెనీ 1994లో ఏర్పడింది, మరుసటి ఏడాది పుణేలో టెల్కో ఆవరణలో ఇదే మోడల్ బిగించడం మొదలైంది. అంటే ఇక్కడ బిగించిన మొట్టమొదటి బెంజి కారు ఇదే, అదీ మళ్ళీ టాటా వాళ్ళతో కలిసే. నాన్నకి ఆ సంగతి చెప్పినప్పుడు ఆయన ముఖంలో కనిపించిన తృప్తి నాకింకా గుర్తుంది.

బండి ఇంటికొచ్చిన రోజు నాన్న లోపల కూర్చోలేదు. బానెట్ ఎత్తమన్నాడు. ఇంజన్ స్టార్ట్ చేయించి, పక్కన నిలబడి, తల కాస్త వంచి కళ్ళు మూసుకుని విన్నాడు. లారీ ఇంజన్లు విని విని ఆయనకి ఏ నాజిల్ డీజిల్‌ని సరిగా కొట్టడం లేదో చెవికే తెలిసిపోయేది. చాలాసేపయ్యాక, "నాలుగూ కాదు, ఆరూ కాదు, ఏంట్రా ఈ లెక్క?" అన్నాడు. ఇది 2497 సీసీ ఇంజన్, ఐదు సిలిండర్లు. ఆ బేసి సంఖ్య వల్ల దాని చప్పుడుకి ఒక తూగు ఉంటుంది, గుర్రం నడకలాగా. ఐదని చెప్పగానే మళ్ళీ విన్నాడు. "మూడోది కొంచెం గట్టిగా కొడుతోంది, చూపించు" అన్నాడు. ఆటోనగర్‌లో నాజిళ్ళు విప్పి టెస్టు చేయిస్తే మూడోదే పాడైంది.

ఆటోనగర్ లేకపోతే నేను ఈ బండిని పదిహేనేళ్ళు ఉంచుకోగలిగేవాణ్ణి కాదు. మా మేస్త్రి పదమూడో ఏట లారీ షెడ్డులో చేరి, బెంజి లారీ ఇంజన్ల మీదే పని నేర్చుకున్నాడు. మొదటిసారి నా కారు బానెట్ ఎత్తినప్పుడు, "ఇందులో అన్నీ కంటికి కనపడతున్నాయండీ" అన్నాడు. ఈ కారు గురించి అంతకంటే మంచి మాట నేను ఎక్కడా వినలేదు. బానెట్ నిటారుగా లేస్తుంది, మనిషి నిలబడి పనిచేయవచ్చు. వాల్వులు నడిపేది టైమింగ్ చైను, బెల్టు కాదు కాబట్టి ఇన్ని వేల కిలోమీటర్లకి మార్చాలనే టెన్షన్ లేదు. ఏ బోల్టు విప్పాలన్నా పానా పట్టేంత చోటుంది. దీన్ని గీసిన ఇంజనీర్లు రేపు దీన్ని విప్పబోయే మనిషిని కూడా దృష్టిలో పెట్టుకున్నారని నా నమ్మకం.

దీనికి పూర్తిగా వేరే అనుభవం ఒకటి చెప్పాలి. 2015 ఎండాకాలంలో ఏసీ చల్లదనం తగ్గింది. కూలింగ్ కాయిల్‌కి చిల్లు పడింది. పంతొమ్మిదేళ్ళ బండికి అది మామూలే. కానీ ఈ కారులో ఆ కాయిల్ మార్చాలంటే డాష్‌బోర్డు మొత్తం ఊడదీయాలి. తొందరలో మేస్త్రిని అడక్కుండా వేరే ఏసీ షాపులో ఇచ్చాను. ఒక్క రోజులో చేసేస్తామన్నారు, చేసేశారు కూడా. ముప్పై ఎనిమిది వేలయింది. ఏసీ చల్లగానే వచ్చింది, డాష్‌బోర్డు మాత్రం కిరకిరలాడటం మొదలైంది. నెల తిరిగాక ఒక రాత్రి ఇంటి ముందు ఆపి తాళం తీస్తే ఇంజన్ ఆగలేదు. తాళం చెవి నా చేతిలో ఉంది, బండి మాత్రం హాయిగా నడుస్తూనే ఉంది. వీధిలో జనం పోగయ్యారు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. నాన్న లోపలి నుంచి వచ్చి, బానెట్ ఎత్తమని, డీజిల్ పంపు దగ్గరున్న స్టాప్ లివర్ చేత్తో నొక్కాడు. అప్పుడు ఆగింది.

మర్నాడు మేస్త్రి వివరంగా చెప్పాడు. ఈ డీజిల్ ఇంజన్‌ని ఆపేది కరెంటు కాదు, వాక్యూమ్, అంటే గాలిని లాగేసే బలం. ఇంజన్‌కి ఉన్న వాక్యూమ్ పంపు నుంచి సన్నటి పైపులు వెళ్తాయి. బ్రేకు బూస్టర్‌కి, ఏసీ గాలి మళ్ళించే మూతలకి, తాళం వెనక ఉన్న చిన్న వాల్వుకి అవే ఆధారం. తాళం తిప్పితే ఆ వాల్వు తెరుచుకుని డీజిల్ పంపు మీదున్న డయాఫ్రమ్ అనే పల్చటి పొరని లాగుతుంది, డీజిల్ ఆగిపోతుంది. పైపులో ఎక్కడ లీకున్నా ఆ లాగే బలం చాలదు. ఒక్కో పైపు తీసి, వేలు అడ్డం పెట్టి చూసుకుంటూ వెళ్ళాడు. రెండు గంటల తరవాత డాష్‌బోర్డు వెనక దొరికింది. చిటికెన వేలి గోరంత రబ్బరు ఎల్బో, అంటే పైపుల్ని కలిపే వంకర ముక్క, డాష్‌బోర్డు బలవంతంగా నొక్కినప్పుడు చీలిపోయింది. ఏసీ వాళ్ళు దాన్ని చూసైనా ఉండరు. మేస్త్రి దగ్గర ఉన్న పాత ముక్క ఒకటి సరిపోయింది. దానికి డబ్బు తీసుకోలేదు, రెండు గంటల కూలి తీసుకున్నాడు. చీలిన ఆ ఎల్బో ముక్క ఇప్పటికీ నా గ్లవ్ బాక్సులో ఉంది. పాత బెంజి కొంటామని ఎవరైనా అడిగితే ముందు దాన్నే చూపిస్తాను. ఈ బండిని పెద్ద వస్తువులు ఏడిపించవు. ఇంజన్, గేర్‌బాక్సు ఇప్పటిదాకా విప్పలేదు. ఏడిపించేవి ముసలితనంతో గట్టిపడే రబ్బరు ముక్కలే. వాటి సంగతి తెలిసిన మనిషి చేతిలో బండి పడితే చాలు.

నడపడం ఎలా ఉంటుందంటే, మొదట తొందర మానుకోవాలి. ఏసీ వేసి ఓవర్‌టేక్ చేయాలంటే ముందే లెక్క చూసుకోవాలి. స్టీరింగ్ మధ్యలో కాస్త వదులుగా ఉంటుంది, ఈ రకం స్టీరింగ్ తీరే అంత. కానీ చక్రాలు చాలా కోణం తిరుగుతాయి కాబట్టి ఇంత పొడవు కారు మా వీధిలో ఇట్టే మళ్ళుతుంది. ఎనభై తొంభై మీద హైవేలో వదిలితే వెనక సీటులో మా అమ్మ చిలకలూరిపేట నుంచి ఒంగోలు దాకా కదలకుండా నిద్రపోతుంది. మోకాళ్ళ నొప్పులున్న ఆవిడ, ఇంకే కారులోనూ గంట కూర్చోలేదు. వెనక ఒక్కో చక్రాన్నీ ఐదు కడ్డీలతో పట్టి ఉంచే సస్పెన్షన్, లోపల స్ప్రింగులున్న సీట్లు, ఈ రెండే ఆ నిద్రకి కారణం. వానలో అద్దం మీద ఒక్కటే వైపర్ ఉంటుంది. అది తిరుగుతూనే పైకీ కిందకీ సాగి మూలల దాకా తుడుస్తుంది. పిల్లలు ఎక్కితే దాన్నే చూస్తూ కూర్చుంటారు. ఆయిల్ ప్రెషర్ ముల్లు వేగం అందుకోగానే 3 మీదకి వెళ్ళి అక్కడే నిలబడుతుంది. పదిహేనేళ్ళుగా స్పీడు ముల్లు కంటే దాన్నే ఎక్కువ చూశాను. హెడ్‌లైట్ల వెలుతురు మాత్రం ఇప్పటి రోడ్లకి చాలదు. రాత్రి ప్రయాణాలు మానేశాను.

2014లో నార్కెట్‌పల్లి దాటాక ఒక బర్రె అడ్డంగా వచ్చేసింది. బానెట్ ముడుచుకుపోయింది. అద్దం పగల్లేదు, తలుపులు నాలుగూ మామూలుగా తెరుచుకున్నాయి, లోపలున్న మా నలుగురికీ గీత కూడా పడలేదు. ఆ రైతుకి డబ్బు కట్టి ఇంటికొచ్చాక చాలా రోజులు నిద్ర పట్టలేదు. ముందు భాగం నలిగి దెబ్బని మింగాలి, మనుషులున్న గది నలగకూడదు అనే ఆలోచనకి బెలా బరేన్యి అనే ఇంజనీరు ఈ కంపెనీలో ఉండగా 1951లోనే పేటెంటుకి దరఖాస్తు చేశారు. 1959లో ఆ పద్ధతిలో కారు బయటికి వచ్చింది. చదివినప్పుడు మామూలు సమాచారం. ముడుచుకున్న బానెట్ పక్కన రోడ్డు మీద నిలబడి ఆ మాట గుర్తొస్తే ఒళ్ళు జలదరించింది.

ఖర్చు గురించి అందరూ అడుగుతారు. డీజిలు, టైర్లు, ఇన్సూరెన్సు కాకుండా రిపేర్లకీ సర్వీసుకీ ఇప్పటిదాకా తొమ్మిది లక్షల నలభై వేలైంది, పద్దు పుస్తకం ఉంది. ఇంజన్ ఆయిల్ ఒకసారికి ఏడు లీటర్ల దాకా పడుతుంది. టైర్లు 195/65 ఆర్ 15, ఊళ్ళో ఏ కొట్టులోనైనా దొరికే సైజు. మైలేజీ ఊళ్ళో పది, హైవేలో పదమూడు. సామాను కొంత ఢిల్లీ కశ్మీరీ గేటు నుంచి తెప్పిస్తాను. రబ్బరు సామాను విషయంలో మాత్రం రాజీ పడను. నకిలీ ఇంజన్ మౌంటింగులు ఎనిమిది నెలలకే కుంగిపోయి ఒకసారి బుద్ధి వచ్చింది. పాత మోడళ్ళ సామానుకి జర్మనీలో ఇంకా సరఫరా ఉంది. స్టుట్‌గార్ట్ పక్కన ఫెల్‌బాక్‌లో పాత కార్ల కోసమే 1993 నుంచి కంపెనీ కేంద్రం నడుస్తోంది.

2018లో అమ్మాయి దగ్గరికి జర్మనీ వెళ్ళాం. అల్లుడి ఆఫీసు వాల్డార్ఫ్‌లో, శాప్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉన్న ఊరు. అక్కడ రోడ్ల మీద తెలుగు వినపడుతుంది. పక్కనే వీస్‌లోక్. ఆ ఊరి మందుల షాపు చూడాలని నేను పట్టుబట్టాను. కార్ల్ బెంజ్ మూడు చక్రాల బండికి 1886 జనవరి 29న పేటెంటుకి దరఖాస్తు చేశాడు. బండి ఉందే గానీ దాన్ని నమ్మేవాళ్ళు లేరు. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా, భర్తకి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి బయల్దేరింది. నూరు కిలోమీటర్ల పైచిలుకు దారి. పెట్రోలు బంకు అనే మాటే లేని రోజులు. వీస్‌లోక్ మందుల షాపులో మరకలు పోగొట్టే లిగ్రోయిన్ కొని ట్యాంకులో పోసింది. పైపు మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి తీసింది. తీగ ఒరుసుకుంటే మేజోడు పట్టీ చుట్టింది. బ్రేకు చెక్కలు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడితో తోలు కొట్టించింది. ఆ షాపు ముందు నిలబడి నేను ఆలోచించింది మాత్రం గోనెపట్టా మీద లారీ కింద పడుకున్న నాన్న గురించి. ఆయన పోయి అప్పటికి ఏడాది.

స్టుట్‌గార్ట్ మ్యూజియం కూడా చూశాం. లిఫ్టులో పై అంతస్తుకి వెళ్ళి, 1886 నుంచి ఒక్కో కాలం దాటుకుంటూ కిందకి దిగాలి. ఎమిల్ యెల్లినెక్ అనే వ్యాపారి తన కూతురు మెర్సిడెస్ పేరు కార్లకి పెట్టించడం, 1926లో డైమ్లర్, బెంజ్ కంపెనీలు కలవడం, 1936లో 260 డి పేరుతో డీజిల్ కారు రావడం, ఇవన్నీ తెలిసిన సంగతులే అయినా వరసగా చూస్తే వేరు. ఈ చరిత్ర అంతా మెరుపే కాదు. రెండో ప్రపంచ యుద్ధం చివరికి ఆ కంపెనీలో పనిచేసినవాళ్ళలో దాదాపు సగం మంది బలవంతంగా తెచ్చిన కూలీలు, యుద్ధ ఖైదీలు, నిర్బంధ శిబిరాల ఖైదీలు. చుక్క గుర్తుని ఇంత ప్రేమించేవాణ్ణి కాబట్టే అది కూడా చెప్పాలనిపిస్తుంది.

కొనాలనుకునేవాళ్ళకి నా సలహా ఒక్కటే. బండి చూడకముందు మేస్త్రిని చూసుకోండి. మీ ఊళ్ళో పాత డీజిల్ ఇంజన్ తెలిసిన మనిషి లేకపోతే ఎంత చవకగా వచ్చినా వద్దు. ఉంటే, రంగు మెరుపు చూడకుండా ముందు చల్లటి ఇంజన్‌ని మీ ఎదుటే స్టార్ట్ చేయించండి. తాళం తీయగానే ఠక్కున ఆగుతోందో లేదో చూడండి. ఏసీ అన్ని వైపులకీ గాలి మళ్ళిస్తోందో లేదో చూడండి. ఇల్లంతా ఒక్క కారే ఉండి రోజూ దాని మీదే ఆధారపడేవాళ్ళకి మాత్రం నేను దీన్ని చెప్పను. ఒక్కో ముక్క రావడానికి మూడు వారాలు పడుతుంది.

2011, 2016, 2021లో ఆర్సీ రెన్యువల్ అయింది, గ్రీన్ ట్యాక్సు కట్టాను. మళ్ళీ 2026లో చేయించాలి. ఈలోగా ఇంజన్ బలాన్ని వెనక చక్రాలకి చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టుకి ఉన్న రెండు రబ్బరు కప్లింగుల్లో వెనకది పగుళ్ళు పట్టిందని మేస్త్రి చూపించాడు. గేరు మార్చినప్పుడల్లా కింద చిన్న దెబ్బ తగిలినట్టుంటోంది. అమ్మాయి సంక్రాంతికి వస్తోంది. రెండూ కొని సూట్‌కేసులో పెట్టుకుంది, నిన్న ఫోటో పంపింది. మేస్త్రికి చూపిస్తే పార్టు నంబరు రెండుసార్లు సరిచూసుకుని, కనుమ మర్నాడు బండి తెమ్మన్నాడు.