డాబాగార్డెన్స్‌లో మెన్‌స్ట్రువల్ కప్పు కొనబోతున్నారా? ఆగండి

కోపం చల్లారాక రాద్దామనుకున్నాను కానీ అది చల్లారేలా లేదు. గాజులు, క్రీములు, క్లిప్పులు అన్నీ దొరికే ఆ దుకాణం ఏదో విశాఖ ఆడవాళ్లకు చెప్పనక్కరలేదు. ఈ ఉక్కపోతలో ప్యాడ్లతో తొడలు ఒరుసుకుపోయి విసిగి, లోపల పెట్టుకుంటే నెలసరి రక్తాన్ని పట్టి ఉంచే కప్పుకు మారదామని వెళ్లాను. "విదేశీ సరుకు మేడమ్, మెడికల్ సిలికాన్, ఫ్రీ సైజు" అన్నాడు యజమాని. ఫ్రీ సైజు కప్పట! చిన్నవీ పెద్దవీ వేరుగా ఉంటాయని చదువుకుని మరీ వెళ్లిన మహాతల్లిని, 450 రూపాయలు లెక్కపెట్టి ఇచ్చి వచ్చాను.

ఇంట్లో మరిగిస్తుంటే సైకిల్ ట్యూబు కాలినట్లు వాసన. కాసేపటికి నీళ్లు గులాబీ రంగుకు తిరిగాయి. అంచు చుట్టూ వేలు తిప్పితే అచ్చు అతుకు గరగరా తగిలింది. అది ఒంట్లో పెట్టుకోవలసిన వస్తువు!

మర్నాడు తిరిగి తీసుకెళ్లాను. పెట్టె చూడగానే చెయ్యి వెనక్కి లాక్కుని, పెన్ను మొనతో దాన్ని నా వైపు నెట్టాడు. ఆపైన దుకాణమంతా వినపడేలా, "వాడేసి తెచ్చారా అమ్మా?" అన్నాడు. మరిగించానంతే అన్నాను. గాజులు బేరమాడుతున్నవాళ్లంతా తిరిగి చూశారు. ఒకావిడ కూతుర్ని పక్కకు లాక్కుంది. "మంచి కుటుంబాలవాళ్లు ఇలాంటివి వాడరమ్మా, ప్యాడ్లు తీసుకోండి" అని ఒక ప్యాకెట్ ముందు పెట్టాడు. ఉచితంగా అనుకునేరు, దానికీ డబ్బే. ముందురోజు అమ్మేటప్పుడు నా కుటుంబం సంగతి గుర్తు రాలేదు కాబోలు. బిల్లు చూపించాను. అందులో "ఫ్యాన్సీ సామాను" అని ఉంది. "ఇందులో కప్పు అని ఎక్కడుంది?" అని నవ్వాడు. డబ్బు పోయినందుకు కాదు, ఆ నవ్వు ఇంకా మండిస్తోంది.

1915కు, అదే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనుకు, ఫిర్యాదు చేశాను. మీరు కొంటే బిల్లులో వస్తువు పేరు రాయించుకోండి. పెట్టె మీద తయారీదారు పేరు, చిరునామా, ధర ఉండి తీరాలని 2011 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనలు చెబుతున్నాయి. నా పెట్టె మీద ఒక పువ్వు బొమ్మ ఉంది, అంతే.

కప్పు మీద మాత్రం అపనమ్మకం వద్దు, మా అక్క హాయిగా వాడుతోంది. లోపలికి వెళ్లాక పూర్తిగా విచ్చుకుందో లేదో చుట్టూ వేలితో తడిమి చూసుకోవాలట. తీసేటప్పుడు తోక పట్టి లాగకుండా, అడుగు నొక్కి గాలి పట్టు వదిలించాలి. 12 గంటలకు మించి ఉంచకూడదు. నెలసరి అయ్యాక మరిగించి, ఆరబెట్టి, గుడ్డ సంచిలో దాచాలి; గాలి చొరని డబ్బాలో కాదు. గర్భం రాకుండా లూపు వేయించుకున్నవారు ముందు డాక్టరును అడగాలి.

ఆ దుకాణంలో గులాబీ రంగుది ఇప్పటికే కొన్నవారుంటే, వాడేముందు మరిగించి నీళ్ల రంగు చూడండి. వాడేసి మంట, దురద వస్తున్నవారు వెంటనే తీసేసి డాక్టరు దగ్గరికి వెళ్లండి. పెట్టె, బిల్లు పారేయకండి, ఫిర్యాదుకు పనికొస్తాయి.