ఫ్లోరైడ్ ఊళ్లో నీళ్ల ప్లాంటు: సీఎస్ఆర్ డబ్బు ఎవరి చేతికిస్తే మేలు?

ప్లాంటు పెట్టడం తేలిక. షెడ్డు, ట్యాంకులు, ఆర్వో మెషీను, రిబ్బన్ కటింగు చకచకా అయిపోతాయి. మూడో ఏట కూడా అది నడుస్తుందా అన్నదే అసలు ప్రశ్న. కంపెనీలు చట్టప్రకారం లాభంలోంచి సామాజిక పనులకు పెట్టే సీఎస్ఆర్ డబ్బును కంపెనీ సొంత ఫౌండేషనుకివ్వాలా, స్వచ్ఛంద సంస్థకా, పరిశోధన సంస్థకా అన్నది ఆ లెక్కనే తేల్చుకోవాలి.

సొంత ఫౌండేషన్‌తో వచ్చే లాభం వేగం, లెక్కల మీద పట్టు. ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12ఏ, 80జీ నమోదు, కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 నమోదు ఉంటే చాలు. బయటి సంస్థకైతే వీటితోపాటు అలాంటి పనిలో మూడేళ్ల అనుభవమూ ఉండాలి. చిక్కల్లా ఆస్తి దగ్గర. సీఎస్ఆర్ నిబంధనల 2021 సవరణ తర్వాత ప్లాంటు కంపెనీ పేరన ఉండకూడదు. నమోదైన ట్రస్టు, సొసైటీ, సెక్షన్ 8 (లాభాపేక్ష లేని) కంపెనీ పేరనో, లబ్ధిదారుల సంఘం పేరనో, ప్రభుత్వ సంస్థ పేరనో ఉండాలి. ఎక్కువమంది పంచాయతీకి రాసిచ్చి చేతులు దులుపుకుంటారు. కరెంటు బిల్లు, ఆపరేటర్ జీతం ఎవరివో కాగితం మీద ఉండదు. మోటారు కాలిన రోజున షెడ్డుకు తాళం పడుతుంది.

స్వచ్ఛంద సంస్థ బలం ఊళ్లో ఉండటమే. కమిటీ వేసి, టిన్ను ధర పెట్టి, లెక్కల పుస్తకం రాయిస్తుంది. 20 లీటర్ల టిన్ను 5 రూపాయల చొప్పున రోజుకు 150 పోతే నెలకు 22,500. జీతం, కరెంటు, ఫిల్టర్లు పోను మిగిలింది మెంబ్రేన్ (ఆర్వోలో నీటిని వడకట్టే పొర) మార్చడానికి విడి ఖాతాలో పడాలి. ఇక్కడ కంపెనీలు చేసే తప్పొకటుంది. పాలనా ఖర్చుపై ఉన్న 5 శాతం పరిమితి కంపెనీ సొంత సీఎస్ఆర్ విభాగానికి పెట్టింది. దాన్ని తీసుకెళ్లి సంస్థ బడ్జెట్‌కు బిగిస్తారు. ప్రాజెక్టు ఖర్చు కింద రాయాల్సిన ఆపరేటర్ జీతాన్నీ అందులోనే కుక్కి, చివరికి దానికే కోత పెడతారు.

పరిశోధన సంస్థకు ప్లాంటు నడిపే పని అప్పగించకూడదు. అది వాళ్ల పని కాదు. వాళ్లు కావలసింది కొనుగోలుకు ముందు. ఏ పద్ధతి నప్పుతుందో బోరు నీళ్లే చెప్పాలి. నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించిన నల్గొండ పద్ధతిలో పటిక, సున్నం కలిపి తేర్చాలి. ఖర్చు తక్కువే కానీ మోతాదు నీటి క్షారతను బట్టి మారుతుంది; తప్పితే తేరిన నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది, మడ్డి ఎటూ మిగులుతుంది. ఆర్వో ఫ్లోరైడ్‌ను బాగా తీస్తుంది. అయితే బోరులో లీటరుకు 3 మిల్లీగ్రాములుండి, మెషీను సగం నీళ్లు వ్యర్థంగా వదిలేస్తే, ఆ వదిలిన నీళ్లలో దాదాపు 6 ఉంటుంది. దాన్ని బోరు పక్క గుంతలోకే వదిలే ప్లాంట్లున్నాయి!

వాళ్లతో రెండో అవసరం నెలనెలా నీటి పరీక్ష. ఆపరేటర్ టీడీఎస్ మీటరు ముంచి 60 చూపిస్తే అందరూ తలూపుతారు. ఆ మీటరు నీటిలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి చూపేదే, ఫ్లోరైడ్‌ను విడిగా కొలవదు. నమూనాను గాజు సీసాలో కాక ప్లాస్టిక్ సీసాలో పట్టి, ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ ఉన్న ల్యాబుకు పంపాలి. ఫ్లోరైడ్‌కు ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే వనరు లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు.

కాబట్టి మా ఓటు స్వచ్ఛంద సంస్థకే, ఒక షరతుతో. ల్యాబుకు కంపెనీయే నేరుగా డబ్బు కట్టాలి, రిపోర్టు ఇద్దరికీ రావాలి. నడిపేవాళ్ల జేబులోంచి పరీక్షకు డబ్బు వెళితే చెడ్డ రిపోర్టు బయటికి రావడం కష్టం. పది ఊళ్లు ఒక్కచోటే ఉండి, జీతమిచ్చి ఒక మెకానిక్‌ను పెట్టుకోగలిగితే సొంత ఫౌండేషనూ పరవాలేదు. మెంబ్రేన్లు అమ్మే కంపెనీ మాత్రం తన మెంబ్రేన్ల మీద పరిశోధనకు డబ్బిచ్చి సీఎస్ఆర్ అనకూడదు. సొంత వ్యాపారంలో భాగమైన పని లెక్కలోకి రాదు.

ఇక ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి హడావుడి. పనిని బోర్డు ముందే కొనసాగుతున్న ప్రాజెక్టుగా ఆమోదించి ఉంటే మిగిలిన డబ్బును ఏప్రిల్ 30లోగా అన్‌స్పెంట్ సీఎస్ఆర్ ఖాతా అనే విడి బ్యాంకు ఖాతాలో వేసి మూడేళ్లలో ఖర్చు పెట్టవచ్చు. ఆమోదం లేకపోతే సెప్టెంబరు 30లోగా అది కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్లో చెప్పిన నిధికి పోతుంది. మెంబ్రేన్ మార్పు రెండు మూడేళ్లకు వస్తుంది కనుక, బోర్డు తీర్మానంలోనే దానికో పద్దు రాయించండి.