ఇంద్రధనుస్సు జెండాల కార్డులు: కథలు బాగున్నాయి, అచ్చు బాగాలేదు

వరంగల్ కొత్తవాడలో జంపఖానాల నూలుకు రంగులద్దడం మా ఇంటి పని. అందుకే ఐదో తరగతి చదివే మా అమ్మాయికి ఆన్‌లైన్‌లో తెప్పించిన ఈ కార్డుల్లో నా కన్ను ముందు రంగుల మీదే పడింది. ఎల్‌జీబీటీ వాళ్ల, అంటే స్వలింగ ప్రేమికులు, బైసెక్సువల్, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల జెండాలు, గుర్తుల గురించి పిల్లలకు తెలుగులో చెప్పే పెట్టె ఇది. ధర 349 రూపాయలు.

అన్నిటిలోకీ మొదటి కార్డే మేలు. 1978లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కళాకారుడు గిల్బర్ట్ బేకర్, ఆయన మిత్రులు చేత్తో రంగులద్ది కుట్టిన జెండాకు ఎనిమిది చారలు. ఎరుపు ప్రాణానికి, నారింజ స్వస్థతకు, పసుపు ఎండకు, ఆకుపచ్చ ప్రకృతికి గుర్తు. తర్వాత జెండాలకు గిరాకీ పెరిగితే ఎనిమిదిలో ఒకటైన ముదురు గులాబీకి అంత గుడ్డ దొరకలేదు, ఆ చార తీసేశారు. ఆపై ఇంకో చారా పోయి, 1979కల్లా ఆరే మిగిలాయి. "గుడ్డ దొరకకపోతే నువ్వు అద్ది ఇచ్చేవాడివి కదా నాన్నా?" అంది మా అమ్మాయి. ఆ గులాబీకి అర్థమేమిటో కార్డు చెప్పకుండా దాటేసింది. పదేళ్ల పిల్ల కాబట్టి నేనూ దాటేశాను.

ట్రాన్స్‌జెండర్, అంటే పుట్టినప్పుడు ఆడ లేదా మగ అని రాసినదానికి భిన్నంగా తమను తాము భావించేవాళ్ల జెండా కార్డును తలకిందులుగా పట్టుకుని చూడమంటారు. లేత నీలం, గులాబీ, నడుమ తెలుపు, ఎటు తిప్పినా అదే వరుస. 1999లో ట్రాన్స్ మహిళ మోనికా హెల్మ్స్ కావాలనే అలా గీశారట. పిల్లలకు ఇది భలే పట్టుకుంటుంది.

బైసెక్సువల్, అంటే ఆడవాళ్లనూ మగవాళ్లనూ ఇష్టపడేవాళ్ల జెండా మాత్రం పాడుచేశారు. పైన గులాబీ, కింద నీలం, రెండూ కలిసినచోట ఊదా రావాలి. అదే దాని భావం. అచ్చులో ఆ నడిమి చార బొగ్గులా వచ్చింది. మా కార్ఖానాలో అయితే ఆ నూలును తిప్పి పంపేవాళ్లం.

గులాబీ త్రికోణం దగ్గర "చెడ్డవాళ్లు తగిలించిన గుర్తు" అని సరిపెట్టారు. ఎవరా చెడ్డవాళ్లని పిల్లలు అడగరా? మగవాళ్లను ఇష్టపడ్డారని హిట్లర్ మనుషులు నిర్బంధ శిబిరాల్లో వేసిన మగవాళ్ల బట్టలకు కుట్టించిన గుర్తు అది. అంతవరకు చెప్పవచ్చు.

మన దేశం ఊసే లేదు. వేములవాడలో శ్రీరామనవమికి త్రిశూలం పట్టుకుని తలంబ్రాలు పోసుకునే హిజ్రాలను మా అమ్మాయి చూసింది. వాళ్లకు సుప్రీంకోర్టు 2014లో తృతీయ లింగంగా గుర్తింపు ఇచ్చిన సంగతి ఒక్క కార్డులోనైనా ఉండాల్సింది.

అట్ట పలచన, లామినేషన్ చేయించుకోండి. చిన్న తరగతుల పిల్లలకైతే పక్కన కూర్చుని చదివించాలి. ఐదుకు మూడున్నర ఇస్తాను, పోయిన ఒకటిన్నరా అచ్చువేసినవారి ఖాతాలోకే.