19 ఏళ్లుగా .315 బోల్ట్ రైఫిల్ వాడుతున్నాను: తక్కువ డబ్బులో బోల్టా, సెమీ ఆటోనా

చేతిలో డబ్బు లెక్కగా ఉన్నవాళ్లు రైఫిల్ కొనాలనుకుంటే బోల్ట్ యాక్షనే కొనండి, అంటే ప్రతి తూటాకీ గడియలాంటి బోల్టుని చేత్తో లాగి మూయాల్సిన రకం. ఎక్కడో చదివి చెప్పే మాట కాదిది. సైన్యంలో 17 ఏళ్లున్నాను, అందులో ఎక్కువ కాలం భుజాన మోసింది సెల్ఫ్ లోడింగ్ రైఫిల్, మేమంతా ఎస్సెల్లార్ అనేవాళ్లం, అచ్చమైన సెమీ ఆటోమేటిక్, అంటే ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒకటి పేలి తర్వాతి తూటా దానంతటదే లోపలికొచ్చే రకం. రిటైరై ఒడిశాలోని మా పర్లాకిమిడి వచ్చేశాక 2006లో సొంత డబ్బుతో .315 సైజు బోల్ట్ రైఫిల్ కొన్నాను. ఆ రైఫిల్ మీదే ముందు బ్యాంకు గార్డుగా, తర్వాత క్యాష్ వ్యాన్ మీద పనిచేసి ఇద్దరు పిల్లల్ని చదివించాను. రెండు రకాలూ ఏళ్ల తరబడి వాడాను కాబట్టి తేడా చెప్పగలను.

మా వైపు గుణుపురం, కాశీనగర్, పాతపట్నం నుంచి ఏటా నలుగురైదుగురు కుర్రాళ్లు రిటైరై వస్తారు, గార్డు ఉద్యోగానికి సొంత తుపాకీ ఉంటే జీతం కాస్త ఎక్కువిస్తారు కాబట్టి వచ్చీ రాగానే నన్నే అడుగుతారు. అందరిదీ ఒకటే మాట, "అన్నా, ఫౌజులో ఒక్కో రౌండుకీ (తూటాకీ) బోల్టు లాగే పనే లేదు కదా, ఇప్పుడు మళ్లీ వెనక్కి పోవాలా?" అని. వాళ్ల బాధ నాకు తెలుసు, 2006లో నేనూ అలాగే అనుకున్నాను.

ముందు చట్టం సంగతి, ఎందుకంటే సగం నిర్ణయం అక్కడే అయిపోతుంది. ఫౌజులో మనం వాడిన 7.62 గానీ, పాత .303 గానీ మామూలు లైసెన్సు మీద ఇంటికి రావు, అవి ప్రొహిబిటెడ్ బోర్, అంటే మామూలు జనానికి నిషేధించిన సైజు. ఈ .303 మిలిటరీ తూటా బయట దొరక్కూడదని తెల్లవాళ్ల కాలంలోనే సివిల్ వాళ్లకి వేరే సైజు పెట్టారు, అలా వచ్చిందే మన .315. అనుమతి లేకుండా ప్రొహిబిటెడ్ ఆయుధం ఇంట్లో దొరికితే ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత శిక్ష 7 ఏళ్ల నుంచి 14 ఏళ్లు. అందుకని ఎవడైనా "సెమీ ఉంది, కాగితాలు తర్వాత చూసుకుందాం" అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. మన బోర్డరు జిల్లాల్లో ఇలాంటి మాటలు నాకు రెండుసార్లు వినబడ్డాయి, రెండుసార్లూ టీ కూడా తాగకుండా వచ్చేశాను.

సక్రమంగా దొరికే సెమీ ఆటో రైఫిల్ అంటే నేను దగ్గరగా చూసింది ఒక్కటే, పాత దిగుమతి .22. మా వీధి చివర ఒక పెద్దాయన దగ్గర ఉండేది, వాళ్ల నాన్నగారి నుంచి వచ్చింది. కొన్నేళ్ల పాటు ఏడాదికి రెండుసార్లు ఆయన ఎదురుగానే కూర్చుని దాన్ని శుభ్రం చేసిపెట్టాను. పట్టుకుంటే ముద్దొచ్చే వస్తువు, బరువు లేదు, చప్పుడు తక్కువ, భుజానికి తగిలే దెబ్బ అసలు తెలియదు. కానీ దాని ఆకలి వేరు. .22 తూటాకి సీసం మీద మైనం పూత ఉంటుంది, రెండు మూడు మ్యాగజైన్లు (తూటాలు నింపే పెట్టెలు) కాల్చేసరికి ఆ మైనం, మసి కలిసి బోల్టు ముందు నల్లటి జిగురులా పేరుకుపోతాయి, టూత్ బ్రష్ పెట్టి గీకితే గానీ పోవు. తూటాలో మందు బలం కాస్త తగ్గినా బోల్టు పూర్తిగా వెనక్కి రాదు, ఖాళీ తూటా తొడుగు తలుపులో చెయ్యి ఇరుక్కున్నట్టు సగంలో ఆగిపోతుంది. అదే .22 బోల్ట్ రైఫిల్ అయితే తూటా బలంతో దానికి పని లేదు, లాగేది మన చెయ్యి కదా.

చివరికి దాన్ని చంపింది మ్యాగజైన్. ఎప్పుడో కింద పడి దాని పై అంచు ఒకవైపు కొంచెం వంగింది, గోరంత కూడా ఉండదు ఆ వంపు. అప్పటి నుంచి ప్రతి మూడో రౌండు ముక్కు పైకెత్తి చాంబర్ (తూటా కూర్చునే గది) అంచుకి గుద్దుకునేది. కొత్త మ్యాగజైన్ కోసం బరంపురంలో అడిగాం, విశాఖపట్నంలో అడిగాం, దొరకలేదు. 80ల్లో దిగుమతులు ఆగిపోయిన తర్వాత అలాంటి రైఫిళ్ల ధరలు ఆకాశానికి వెళ్లాయి గానీ వాటి విడిభాగాలు మాత్రం ఊళ్లోకి రాలేదు. పెద్దాయన చివరి రోజుల్లో ఒక్కో తూటా చేత్తో పెట్టుకుని కాల్చేవారు. అంత ఖరీదైన సెమీ ఆటో సింగిల్ షాట్ అయిపోయింది. చూస్తే నాకు నిజంగా బాధేసేది.

ఎస్సెల్లార్‌ని మాత్రం తక్కువ చేసి మాట్లాడను. కాల్చినప్పుడు కొంత గ్యాసు బ్యారెల్ పైనున్న సిలిండర్‌లోకి వెళ్లి పిస్టన్‌ని వెనక్కి నెడుతుంది, పిస్టన్ బోల్టుని నెడుతుంది, ఖాళీ తొడుగు బయటికి, కొత్త రౌండు లోపలికి, ఇదంతా రెప్పపాటులో. దెబ్బ కూడా ఆ కదలికలోనే కొంత పోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, చెంప బట్టు (భుజానికి ఆనించే వెనక చెక్క) మీద నుంచి లేవదు, కన్ను గురి మీద నుంచి కదలదు. 20 రౌండ్ల మ్యాగజైన్. అలాంటి రైఫిల్ పక్కన ఉంటే రాత్రి డ్యూటీలో మనిషికి ధైర్యం.

కానీ ఆ రైఫిల్ వెనక ఏముండేదో గుర్తు తెచ్చుకోండి. గ్యాస్ ప్లగ్గు, పిస్టన్, సిలిండర్ ప్రతిసారీ తుడవాలి, చిందీ గుడ్డ ముక్కలు నల్లబడటం ఆగేదాకా బ్యారెల్ తుడిచే తాడు, ఫుల్‌త్రూ లాగాలి, గ్యాసు తక్కువై ఖాళీ తొడుగు ఇరుక్కుంటే రెగ్యులేటర్ తిప్పి సరిచేయాలి. స్ప్రింగు అలిసిపోతే తుపాకులు బాగుచేసే ఆర్మరర్ ఉన్నాడు, మ్యాగజైన్ వంగితే ఆయుధాల గది కోత్‌లో ఇంకోటి ఉంది, రౌండ్లు పెట్టెల్లో వస్తాయి. ఇంటికొచ్చాక ఆ ఆర్మరరూ మనమే, ఆ కోతూ మనమే, రౌండ్లు లైసెన్సు పుస్తకంలో రాసినన్నే. నాకు ఆ లెక్క తెలిసిన రోజునే వేగం మీద మోజు పోయింది. ఏడాదికి కొనగలిగే రౌండ్లు నిమిషంలో అయిపోయే రైఫిల్ నేనేం చేసుకోను? 19 ఏళ్లలో నేను కాల్చింది మొత్తం కలిపి 200 రౌండ్లు దాటలేదు, అన్నీ ఫైరింగ్ రేంజిలో కాల్చినవే, ఒక్కటి కూడా మనిషి మీదో జంతువు మీదో కాదు.

ఇక నా .315 సంగతి. పాత లీ ఎన్‌ఫీల్డ్ పద్ధతి బోల్టే, 5 రౌండ్ల మ్యాగజైన్. ఎన్‌సీసీలోనో పోలీసుల దగ్గరో .303 పట్టినవాళ్లకి చెయ్యి వెంటనే అలవాటవుతుంది. తూటాని పేల్చే పిన్ను మీద స్ప్రింగు బోల్టు మూసేటప్పుడు బిగుస్తుంది, తెరిచేటప్పుడు కాదు, అందుకే తెరవడం తేలిక, మూసేటప్పుడు చివర్లో కాస్త తొయ్యాలి. కొత్తలో నాది మరీ బిగుసుగా ఉండేది, అరచేతి కింది భాగంతో కొట్టాల్సి వచ్చేది. రోజూ సాయంత్రం ఖాళీ రైఫిల్‌తో 50 సార్లు తెరిచి మూసి, తుడిచి, చుక్క నూనె వేసి, మూడు నెలల తర్వాత దారికొచ్చింది. పూర్వం బ్రిటిష్ సైన్యంలో ఇలాంటి బోల్టుతోనే నిమిషానికి 15 రౌండ్లు గురి చూసి కాల్చాలని పరీక్ష పెట్టేవారు. అంటే బోల్టు నిదానం అనేది సగం మన చెయ్యి నిదానం. బొటనవేలు, చూపుడువేలుతో పిడి పట్టుకుని, చెంప లేపకుండా లాగడం నేర్చుకుంటే చాలు.

ఒక్క విషయంలో మాత్రం ఇది జాలి చూపించదు. తూటాకి అడుగున బయటికి పొడుచుకొచ్చిన అంచు ఉంటుంది. మ్యాగజైన్‌లో పెట్టేటప్పుడు పై రౌండు అంచు కింది రౌండు అంచుకి ముందుండాలి. వెనకపడిందా, బోల్టు పైదాన్ని తోసినప్పుడు అది కిందిదాన్ని కూడా పట్టుకుని లాగుతుంది, రెండూ ఇరుక్కుంటాయి. 2008లో పోలీసు రేంజిలో అందరి ముందూ నాకదే జరిగింది, కంగారులో నింపాను, రెండో రౌండుకే బోల్టు రాయిలా ఆగిపోయింది. అప్పటి నుంచి ఒక్కోటి పెడుతూ వేలితో అంచు తడిమి చూసుకుంటాను. చీకట్లో కూడా తెలుస్తుంది, మెట్లు దిగినట్టు వరసగా ఉండాలి.

దెబ్బ గట్టిది. బట్టు చివర ఇనుప రేకు, పల్చటి చొక్కా మీద పది రౌండ్లు కాలిస్తే రెండు రోజులు భుజం నీలంగా ఉంటుంది. గురి చూసే ఏర్పాటు కూడా మోటుగానే ఉంది, ఈ ధరకి ఇంకాస్త శ్రద్ధగా చేయొచ్చు. నేను కొన్నప్పుడు ముందు గురిపుల్ల కొంచెం ఒరిగి ఉంది, అమ్మిన కొట్టువాడు నాది కాదంటే నాది కాదన్నాడు, సరిచేయించుకోవడానికి రెండుసార్లు తిరగాల్సి వచ్చింది. కొనేటప్పుడు వెలుతుర్లోకి తీసుకెళ్లి బ్యారెల్ లోపల, గురిపుల్ల, ఖాళీ తొడుగుని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం స్వయంగా చూసుకోండి.

అసలు పరీక్ష తిత్లీ తుపాను. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది, మా గజపతి జిల్లాని కూడా ఊడ్చేసింది. మా వెనక గది రేకులు లేచిపోయాయి, రైఫిల్ ఉన్న ట్రంకుపెట్టెలోకి నీళ్లు చేరాయి, రోజుల తరబడి కరెంటు లేదు. కొవ్వొత్తి పెట్టుకుని కూర్చున్నాను. బోల్టు వెనక్కి లాగి, బోల్టు తల పైకి తిప్పి తీస్తే మొత్తం చేతిలోకొచ్చేసింది, పనిముట్టు ఏదీ అక్కర్లేదు. వెనక నుంచి బ్యారెల్‌లోకి చూడొచ్చు, పొడి చిందీ నాలుగుసార్లు, నూనె చిందీ ఒకసారి. తుపాకీ నూనె తడిసి పాడైంది, మా ఆవిడ కుట్టుమిషను నూనె వాడాను. పావుగంటలో అయిపోయింది. అదే ఎస్సెల్లార్ అయితే పిస్టన్, దాని స్ప్రింగు, గ్యాసు రంధ్రం, బట్టులో ఉండే రిటర్న్ స్ప్రింగు, ఇవన్నీ ఆ కొవ్వొత్తి వెలుతుర్లో విప్పి ఆరబెట్టాలి.

అయినా ఒక తప్పు చేశాను. పైన కనబడే ఇనుమంతా తుడిచాను గానీ బ్యారెల్ కింద ఉండే ముందు చెక్క విప్పలేదు. ఆ ఏడాది రేంజికి వెళ్తే రౌండ్లన్నీ ఎడమ పక్కకి, 50 మీటర్లలో జానెడు దూరంగా పడుతున్నాయి. చెక్క తడికి ఉబ్బి బ్యారెల్‌ని ఒక పక్కకి నొక్కుతోంది. విప్పి చూస్తే కింద బ్యారెల్ మీద వేలెడు మేర తుప్పు, నారింజ రంగులో. సన్నటి ఉక్కు పీచు, నూనె పెట్టి రెండు రోజులు రుద్దాను, చిన్న చిన్న గుంటలు ఇప్పటికీ ఉన్నాయి. మన వైపు వానలకి ఏడాదికి రెండుసార్లు చెక్క విప్పి తుడవాల్సిందే.

సరిహద్దులో ఉండేవాళ్లకి ఇంకో మాట. నా లైసెన్సు ఒడిశా వరకే. మహేంద్రతనయ నది దాటితే ఆంధ్రాలోని పాతపట్నం, నడిచి వెళ్లొచ్చు, అక్కడ ఒకసారి మంచి జీతానికి ఉద్యోగం వచ్చింది, రైఫిల్ ఆ వంతెన దాటకూడదు కాబట్టి వదులుకున్నాను. దరఖాస్తు చేసే రోజే ఏరియా గురించి ఆలోచించండి. ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకులు ఠాణాలో డిపాజిట్ చేయమంటారు, బ్యాంకు డ్యూటీ ఉంటే మినహాయింపుకి ముందే కాగితం పెట్టుకోవాలి. అక్కడ నెలల తరబడి గోడకి ఆనించి ఉన్నా బోల్ట్ రైఫిల్‌కి పెద్దగా ఏమీ కాదు, తెచ్చుకుని తుడుచుకుంటే సరి.

పొలాలున్నవాళ్లు అడవి పందుల కోసం అడుగుతుంటారు. లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని కాల్చే హక్కు రాదు, 1972 వన్యప్రాణి చట్టం కింద అటవీశాఖ అనుమతి వేరే ఉండాలి. ఆ పని కోసమే అయితే ఇంత డబ్బు రైఫిల్ మీద పెట్టొద్దు. ఆటగా నేర్చుకోవాలనే పిల్లలకీ సెమీ అవసరం లేదు, ఒలింపిక్స్ రైఫిల్ పోటీల్లో ఒక్కో తూటా పెట్టుకునే కాలుస్తారు, 2024లో పారిస్‌లో స్వప్నిల్ కుసాలేకి 50 మీటర్ల రైఫిల్‌లో కాంస్యం వచ్చింది అలాగే. గార్డు పనికి మాత్రమే అయితే, రైఫిల్‌కి కూడా డబ్బు సరిపోకపోతే, 12 బోర్ డబుల్ బ్యారెల్ చాలు, నాతో పనిచేసినవాళ్లలో ఎక్కువ మంది దగ్గర అదే.

నాకు బోల్టు మీద ఇంత నమ్మకం కుదరడానికి ఇంకో కారణం ఇల్లు. సెమీలో ఒకటి పేలితే రెండోది అప్పుడే చాంబర్‌లో సిద్ధంగా ఉంటుంది. బోల్టులో మనిషి చెయ్యి కదిపితేనే రెండోది. జనం నిండిన బ్యాంకు గుమ్మంలో 11 ఏళ్లు నిలబడ్డాను, మ్యాగజైన్‌లో రౌండ్లు, చాంబర్ ఖాళీ, ఎప్పుడూ టెన్షన్ లేదు. ఇంటికి రాగానే బోల్టు తీసి బీరువాలో, రౌండ్లు ఇంకో చోట, రైఫిల్ గొలుసుతో పెట్టెలో. మనవలు ఎప్పుడైనా పెట్టె తెరిచినా అక్కడ దొరికేది చెక్క, ఇనుప గొట్టం, అంతే.

ఇన్నేళ్లలో మార్చింది మ్యాగజైన్ స్ప్రింగు ఒకసారి, ఎక్స్‌ట్రాక్టర్ స్ప్రింగు ఒకసారి. లైసెన్సు రెన్యూవల్ ఇప్పుడు ఐదేళ్లకోసారి. తుపాకీ 25 ఏళ్లు చేతిలో ఉంటే వారసుడి పేరుకి మార్చమని అడగొచ్చని 2016 ఆయుధ నియమాల్లో ఉంది, నాకు 2031కి నిండుతాయి. మావాడు కూడా ఫౌజులోనే ఉన్నాడు. పోయిన సెలవుల్లో వచ్చినప్పుడు డమ్మీ రౌండ్లిచ్చి కళ్లు మూసుకుని నింపమన్నాను, నాలుగోది తప్పు పెట్టాడు, తడిమి చూసి తనే తీసి మళ్లీ పెట్టుకున్నాడు.