కూటమిలో చేరడమా, అందరితో సమదూరమా: మధ్యస్థాయి దేశానికి ఏది మేలు?

అమెరికా, చైనా, రష్యాల మధ్య పోటీ ముదిరేకొద్దీ మధ్యస్థాయి దేశాలు రెండు దారులను తూచి చూసుకుంటున్నాయి: సైనిక కూటమిలో చేరడం, లేదా ఏ పక్షమూ వహించకుండా అందరితో బేరం నడుపుకోవడం. దాడి మొదలైన రోజే మిత్రుడి సైన్యం అందుబాటులో ఉంటుందనుకుంటే కూటమే మేలు. లేదంటే బేరమే నయం.

అమెరికా, ఐరోపా దేశాలున్న సైనిక కూటమి నాటో. దాని ఒప్పందంలోని ఐదో అధికరణం అనగానే ఒకరి మీద దాడి జరిగితే అందరూ యుద్ధానికి దిగుతారనుకుంటారు. అందులో ఉన్నది అంత గట్టి మాట కాదు: ప్రతి దేశమూ తనకు అవసరమని తోచిన చర్యతో సాయపడాలి, అంతే. ఆరో అధికరణం హద్దులు కూడా గీసింది. 1982లో అర్జెంటీనా ఆక్రమించిన బ్రిటన్ ఏలుబడిలోని ఫాక్‌లాండ్స్ దీవులు కర్కాటకరేఖకు దక్షిణాన ఉన్నాయి కాబట్టి బ్రిటన్‌కు ఆ రక్షణ వర్తించలేదు. అందుకే సంతకం కన్నా గడ్డమీద ఉన్న బలగాలు, ముందే గీసుకున్న ఉమ్మడి యుద్ధ ప్రణాళిక ముఖ్యం.

అసలు గండం దరఖాస్తుకూ సభ్యత్వానికీ నడుమ ఉంది. 2008 ఏప్రిల్‌లో నాటో బుకారెస్ట్ సదస్సు జార్జియాను చేర్చుకుంటామంది, ఎప్పుడో చెప్పలేదు. ఆగస్టులో రష్యాతో యుద్ధం వచ్చింది. ఫిన్లాండ్, స్వీడన్ తెలివిగా నడిచాయి: 2022 మేలో దరఖాస్తుకు ముందే బ్రిటన్ నుంచి విడిగా భద్రతా హామీలు తీసుకున్నాయి. ఫిన్లాండ్ 2023 ఏప్రిల్ 4న చేరింది. తుర్కియే, హంగరీ ఆపడంతో స్వీడన్ 2024 మార్చిలో గానీ చేరలేకపోయింది.

సమదూరానికి మంచి నమూనా వియత్నాం. 1978 నవంబరులో సోవియట్ యూనియన్‌తో మైత్రీ ఒప్పందం చేసుకుంది. మూడు నెలలకే చైనా దాడి చేస్తే సోవియట్ ఆయుధాలు వచ్చాయి గానీ సైన్యం రాలేదు. ఇప్పుడు కూటములు వద్దు, విదేశీ స్థావరాలు వద్దు అన్నదే దాని విధానం. 2023 సెప్టెంబరులో బైడెన్‌ను, డిసెంబరులో షీ జిన్‌పింగ్‌ను, 2024 జూన్‌లో పుతిన్‌ను పిలిచి కూర్చోబెట్టింది. దీనికి ఖర్చు తక్కువని మాత్రం అనుకోవద్దు. సైన్యాన్ని సొంతంగా పోషించాలి. నలుగురి దగ్గర కొన్న ఆయుధాలకు విడిభాగాలు వేరు, శిక్షణ వేరు; ఒకరి రాడార్ మరొకరి క్షిపణితో సరిగా మాట్లాడదు. పైగా పెద్దదేశాలు తమలో తాము రాజీపడితే బేరమాడే బలమూ పోతుంది.

రెంటినీ కలపాలని చూసిన తుర్కియే, నాటోలో ఉంటూనే రష్యా ఎస్-400 గగనతల రక్షణ క్షిపణులు కొంది; దాంతో 2019లో అమెరికా దాన్ని ఎఫ్-35 యుద్ధవిమాన కార్యక్రమం నుంచి తప్పించింది.

కూటమీ లేక, సొంత బలమూ లేక, కాగితపు హామీలతో సరిపెట్టుకోవడం అన్నిటికన్నా చెడ్డది. 1994 బుడాపెస్ట్ పత్రంలోని హామీలు నమ్మి ఉక్రెయిన్ అణ్వాయుధాలు వదులుకుంది. సరిహద్దులను గౌరవిస్తామన్న రష్యాయే 2014లో క్రిమియాను కలుపుకుంది. మొరపెట్టుకోవాల్సిన భద్రతా మండలిలోనూ దానికి వీటో ఉంది.